బొల్లి బర్రె, ఏడు దేశాలు

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత ఒకటుంది. వేములమెట్ట మున్సిపల్ కమిషనర్ పరాంకుశం గారికి ఆ సామెత అంటగట్టడం అన్యాయం. ఎందుకంటే ఆయన చదివింది మూడు రోజులే. "వివిధ దేశాల న్యాయవ్యవస్థలను పోల్చి చూచుట: తొలి పరిచయం" అనే శిక్షణకు మనుషుల్ని పంపమని పై నుంచి కాగితం వచ్చింది. ఆఫీసులో అందరికన్నా తక్కువ పని ఉన్నవాడు ఎవరా అని నిష్పక్షపాతంగా ఆలోచించి, ఆయన తన పేరే రాసి పంపుకున్నారు. నాలుగో రోజుకల్లా ఒక సర్టిఫికెట్టుతో, ఒక ప్లాస్టిక్ సంచితో, ఆ సంచిలో ఇటుకంత పుస్తకంతో తిరిగొచ్చారు.

అంత చదువు చదివి వస్తుంటే సిబ్బంది ఊరుకుంటారా? ఆఫీసు గేటుకు కొబ్బరాకులు, మామిడి తోరణాలు కట్టారు. అక్కడక్కడ బోసిగా ఉందని పచ్చి జొన్నచొప్ప కూడా గుచ్చారు. పొద్దున పదింటికి కమిషనర్ గారు జీపు దిగి దండకోసం మెడ ముందుకు చాపేసరికి, ఆ స్వాగతద్వారంలో సగమే మిగిలి ఉంది. మిగతా సగం మాలకొండమ్మ బర్రె నోట్లో ఉంది.

మాలకొండమ్మకు ఆస్తి అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ బర్రె ఒక్కటే. నుదుటి మీద అరచేయంత తెల్లమచ్చ ఉండటంవల్ల దాన్ని బొల్లి అని పిలుస్తుంది. మొగుడు పోయి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లూ ఆమెను పోషించింది మొదట బొల్లి తల్లి, ఆ తర్వాత బొల్లి. ఇప్పుడు బొల్లి వట్టిపోయి మూడు నెలలు. ఈ మూడు నెలలూ ఆమె నాలుగిళ్లలో అంట్లు తోముకుంటూ, వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపింది. బర్రెకు నెలలు నిండాయి. రేపో మాపో ఈనితే మళ్లీ పాలగిన్నె చేతికొస్తుంది, పరాయి ఇంటి గిన్నెలు తోమడం తప్పుతుంది. అలాంటి సమయంలో అది తాడు తెంపుకుని పోయి కమిషనర్ గారి గౌరవాన్ని మేసేసింది. బందెలదొడ్డి కాపలాదారు దావీదు దాన్ని తోలుకుపోయి ఆఫీసు ఆవరణలోనే ఉన్న దొడ్లో కట్టేశాడు.

బొల్లికి దొడ్డి కొత్త కాదు. ఊళ్లో గొడ్డు ఎవరి పచ్చిక మీద పడినా దొడ్లో పెట్టడం, సొంతదారు అపరాధం కట్టి, హెడ్డు గుమాస్తా హజరత్తయ్య చేత నాలుగు చివాట్లు తిని తోలుకుపోవడం తాతల నాటి పద్ధతి. మాలకొండమ్మ మూడుసార్లు తిన్న చివాట్లే అవి. అందుకని మర్నాడు పొద్దున్నే ధైర్యంగా ఆఫీసుకు వచ్చింది. హజరత్తయ్య చివాట్లు పెట్టలేదు. అప్పుడే ఆమెకు భయం వేసింది.

"ఇప్పుడట్టా కుదరదు మాలకొండమ్మా," అన్నాడు హజరత్తయ్య నీరసంగా. ఇరవయ్యేళ్లుగా ఆమె దగ్గర పాలు పోయించుకుంటున్న మనిషి. "నిన్న సాయంత్రం సర్క్యులరొచ్చింది. ఆఫీసులో ఏ పని చెయ్యాలన్నా, అదే పని ఏడు దేశాల్లో ఎట్టా చేస్తన్నారో కనుక్కోవాల. పట్టిక గియ్యాల. పోల్చాల. ఆ తర్వాతే చెయ్యాల."

"ఏడు దేశాలా? నా బర్రె ఒంగోలు రోడ్డు దాటి ఎరగదయ్యా."

"బర్రె దాటనక్కర్లేదు. నేను దాటాల." హజరత్తయ్య ఒక పెద్ద కాగితం చూపించాడు. దానిలో ఏడు గళ్లు అడ్డంగా, ఏడు గళ్లు నిలువుగా ఉన్నాయి. అన్నీ ఖాళీ. "ఎదురింటోళ్లు కుళాయి అడిగారు. ఇంకొకాయన వాళ్ల నాయన చచ్చిపోయినట్టు కాగితం అడిగాడు. ఆ నాయన ఏడు దేశాల్లో చచ్చిపోయిందాకా కాగితం రాదు. వాళ్ల తర్వాత నీ బర్రె."

"అయ్యా, అది చూడిది. రేపో మాపో ఈనుద్ది."

"అది అయ్యగారికే చెప్పుకో," అన్నాడు హజరత్తయ్య.

పరాంకుశం గారు ఆమెను నిలబెట్టి మాట్లాడలేదు. కూర్చోమన్నారు. ఆయనకు వినే మనిషి దొరకడం అంటే మహా ఇష్టం. ఇటుక పుస్తకం మీద చెయ్యి వేసి, "చూడమ్మా, ప్రపంచ న్యాయవ్యవస్థలు ప్రధానంగా రెండు కుటుంబాలు," అని మొదలుపెట్టారు.

"ఏ ఊరోళ్లయ్యా?"

"ఊరు కాదమ్మా. ఒక కుటుంబంలో, ఇదివరకు ఇలాంటి బర్రె వస్తే ఏం తీర్పు ఇచ్చారో చూసి, అదే ఇస్తారు. రెండో కుటుంబంలో పాత సంగతులతో అంత నిమిత్తం లేదు. గ్రంథంలో బర్రె గురించి ఏం రాసి ఉందో చూస్తారు."

మాలకొండమ్మ మొహం వికసించింది. "అయితే మొదటోళ్లే నయమయ్యా. ఇదివరకు మూడుసార్లూ మీ ఆఫీసోళ్లు వదిలేశారు."

"ఆ కారణం చేతనే నేను రెండో కుటుంబం వైపు మొగ్గుతున్నాను," అన్నారు పరాంకుశం గారు.

అయితే ఆయన గ్రంథంలో బర్రె లేదు. ఆయన రెండు రోజులు వెతికారు. అధ్యక్షులున్నారు, రాణులున్నారు, సముద్రాలున్నాయి, బర్రె మాత్రం లేదు. లేదని వదిలేస్తే అది శాస్త్రమెలా అవుతుంది? మూడో రోజు ఆయన మాలకొండమ్మను పిలిపించి మరో విశేషం చెప్పారు. కొన్ని దేశాల్లో న్యాయాధికారి నోరు మెదపకుండా కూర్చుంటాడట, రెండు వైపులా వకీళ్లు వాదించుకుంటారట. మరికొన్ని దేశాల్లో అధికారే స్వయంగా దిగి నిజం రాబడతాడట. తాను దిగదలుచుకున్నారు.

దిగారు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని బందెలదొడ్లోకి అడుగుపెట్టారు. వెనకాల హజరత్తయ్య కాగితాల అట్టతో, ఆ వెనక దావీదు కుర్చీతో. మాలకొండమ్మ బొల్లి మెడ కింద గోకుతూ నిలబడింది. బర్రె పొదుగు దిగింది, తోక మొదట్లో గుంటలు పడ్డాయి, అంటే ఈనే ఘడియ దగ్గరపడింది. ఆమె చూపంతా అక్కడే ఉంది.

"సదరు స్వాగతద్వారమును భక్షించినది నీవేనా?" అని అడిగారు కమిషనర్ గారు.

బొల్లి నెమరు ఆపి ఆయన్ను ఒకసారి చూసింది. మళ్లీ నెమరు మొదలుపెట్టింది.

"ముద్దాయి మౌనం వహించినది," అని రాసుకున్నాడు హజరత్తయ్య.

"ఆగండాగండి. మౌనంగా ఉండటం ముద్దాయి హక్కు అని కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి. దాన్ని ఆమెకు వ్యతిరేకంగా రాయకండి." పరాంకుశం గారి గొంతులో గర్వం తొణికింది. "పైగా పూర్వం ఐరోపాలో పందుల మీద కేసులు నడిపిన సందర్భాలున్నాయి. వాటి తరఫున వాదించేందుకు మనిషిని పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. మనం ఐరోపాకి తీసిపోయామా? దావీదూ, ఈ బర్రెకు వకీలువి నువ్వే."

దావీదు కుర్చీ కింద పెట్టేశాడు. "అయ్యా, దీన్ని పట్టకొచ్చి కట్టేసింది నేనేగదా?"

"అందుకే వాస్తవాలు నీకు బాగా తెలుసు."

వకీలు తన కక్షిదారు వైపు జాలిగా చూశాడు. కక్షిదారు అప్పుడే పేడ వేసింది. విచారణ మర్నాటికి వాయిదా పడింది.

మర్నాడు పొద్దున విచారణ జరగలేదు. తొమ్మిదింటికి బొల్లి పడుకోవడం, లేవడం మొదలుపెట్టింది. మాలకొండమ్మ పైట నడుముకు దోపి దాని పక్కన కూర్చుంది. "భయపడమాక తల్లీ, నేనున్నాగా," అంటూ నడుము నిమిరింది. దావీదు గడ్డి పరిచాడు, బకెట్టుతో నీళ్లు పెట్టాడు. పదిన్నరకు ముందరికాళ్లు కనబడ్డాయి, వాటి మీద ఆనుకుని మూతి. ఇంకో పావుగంటకు దూడ జారి గడ్డి మీద పడింది. పెయ్యదూడ! బొల్లి వెనక్కి తిరిగి నాకుతూ ఉంటే మాలకొండమ్మకు ఆ వాసన, ఆ బురద, ఆ ఏడు దేశాలు ఏవీ గుర్తులేవు. దూడ నాలుగుసార్లు పడి అయిదోసారి లేచి నిలబడింది. ఆమె దావీదు చెయ్యి పట్టుకుని ఊపేసింది. "పెయ్య పుట్టింది తమ్ముడా, పెయ్య!" అంది. ఇన్నాళ్ల కష్టం ఒక్క గడియలో తీరిపోయిందనుకుంది, పాపం.

దావీదు సంబరంగా వెళ్లి కమిషనర్ గారికి చెప్పాడు. పరాంకుశం గారు కలం కింద పెట్టారు.

"ఎక్కడ ఈనింది?"

"దొడ్లోనేనండి."

"దొడ్లో అంటే? మున్సిపల్ నేల మీదేనా?"

"ఇంకెక్కడీనుద్దండీ?"

పరాంకుశం గారు ఇటుక పుస్తకం తెరిచి, పన్నెండో అధ్యాయంలో దూరి, మధ్యాహ్నం భోజనం వేళకు బయటికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. ఇంతకాలానికి పుస్తకానికి, ఊరికి పొంతన కుదిరింది. మాలకొండమ్మను పిలిచి అసలు సంగతి వివరించారు. కొన్ని దేశాల్లో బిడ్డ ఏ నేల మీద పుడితే ఆ నేలకు చెందుతుంది. కొన్ని దేశాల్లో తల్లిదండ్రుల రక్తం ఏదైతే దానికి చెందుతుంది. హజరత్తయ్య తొలిసారి పట్టిక నింపాడు. నేల నాలుగు, రక్తం మూడు.

"కనుక దూడ మున్సిపాలిటీది," అన్నారు పరాంకుశం గారు.

మాలకొండమ్మ పట్టిక వైపు, ఆయన వైపు చూసింది. "నా బర్రె కడుపున పుట్టిన దూడ నాది కాదంటారా?"

"నేననడం లేదమ్మా. నాలుగు దేశాలు అంటున్నాయి. పోనీ రక్తసూత్రమే చూద్దాం, నాకేం పక్షపాతం లేదు. తండ్రి ఎవరు?"

"తండ్రేందయ్యా? పశువులాసుపత్రిలో సూదేశారు."

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "సర్కారు ఆసుపత్రిలోనేనా?"

"ఆఁ."

"సర్కారు మందేనా?"

"ఆఁ."

"రాయండి హజరత్తయ్యా. నేల ప్రభుత్వానిది. తండ్రి కూడా ప్రభుత్వమే." ఆయన చేతులు జోడించారు. పైన ఎవరికి జోడించారో తెలియదు. "ఇక తల్లి విషయం. ఈ దూడ మన పౌరురాలు, తల్లి పరాయి నేల నుంచి అనుమతి లేకుండా ప్రవేశించింది. అలాంటి వారిని వెనక్కి పంపించడంలో ఏడు దేశాలకూ ఏకాభిప్రాయం ఉంది. ఇంత ఏకాభిప్రాయం నాకు ఈ పుస్తకంలో మరెక్కడా కనబడలేదు."

ఆ విధంగా బొల్లికి అపరాధం కూడా లేకుండా విడుదల దొరికింది. నలుగురు మనుషులు తోసి దాన్ని గేటు బయటికి పంపారు. దూడ దొడ్లోనే ఉండిపోయింది. దానికి ఒక నంబరు ఇచ్చారు, మెడలో ఒక బిళ్ల కట్టారు, జనన రిజిస్టరులో పేరు ఎక్కించారు. తండ్రి అన్న గడిలో "ప్రభుత్వం" అని, తల్లి అన్న గడిలో "విదేశీ" అని రాశారు.

బొల్లి ఇల్లు చేరలేదు, చేర్చారు. తాడు పట్టి ముందుకు లాగితే అది వెనక్కి లాగింది. సాయంత్రం మాలకొండమ్మ గిన్నె తీసుకుని కూర్చుని, చన్నులు కడిగి, తడిమి, బతిమాలింది. బర్రె చేపలేదు, చుక్క పాలు వదల్లేదు. పాడి ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. దూడ వచ్చి పొదుగు కుమ్మితేనే బర్రె పాలు చేపుతుంది. దాణా పెట్టింది, పాట పాడింది, మొగుడి పాత కంబళి దూడలా చుట్టి దాని ముందు పెట్టింది. బొల్లి కంబళిని వాసన చూసి, ఆఫీసు వైపు మెడ తిప్పి అరిచింది. రెండో రోజుకు పొదుగు రాయిలా బిగిసింది. మూడో రోజుకు ముట్టుకుంటే తన్నింది. ఇంకో రోజు ఇట్లాగే పోతే పొదుగు చెడిపోతుందని, ఆ తర్వాత అది పాలిచ్చే బర్రె కాదు, కోతకు తోలే బర్రె అని మాలకొండమ్మకు తెలుసు.

అక్కడ దూడ సంగతీ బాగాలేదు. మున్సిపాలిటీ తన పౌరురాలికి ప్యాకెట్టు పాలు సీసాతో పట్టిస్తోంది. పట్టించేది దావీదు. దూడ సగం కక్కుతోంది, మిగతా సగం పారుకుంటోంది. "ఎముకలు లెక్కపెట్టొచ్చక్కా," అని దావీదు ఆమె ఇంటికి వచ్చి చెప్పి, తల దించుకున్నాడు.

మాలకొండమ్మ బొల్లిని తోలుకుని ఆఫీసుకు వచ్చింది. "అయ్యా, దూడ మీదే. ఒప్పుకుంటన్నా. ఒక్కపూట దీని దగ్గిర తాగనీండి," అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత మింగిందో ఆమెకే తెలుసు.

"నాకూ మనసుంది," అన్నారు పరాంకుశం గారు. నిజంగానే ఆయన కళ్లు చెమర్చాయి. "కానీ ఆమె విదేశీ. లోపలికి రావాలంటే ప్రవేశానుమతి ఉండాలి. దరఖాస్తు పెట్టుకో. బర్రె ఫోటోలు రెండు, ఎదురుగా చూస్తున్నవి. ఎన్ని రోజులుంటుంది, ఎందుకొస్తోంది, తిరిగి వెళ్లడానికి హామీ ఏమిటి, అన్నీ రాయాలి. ఈలోగా దొడ్డి గోడ మీద నుంచి చూసుకోవచ్చు. దానికి అభ్యంతరం చెప్పిన దేశం లేదు."

బొల్లి గోడ మీద నుంచి చూసింది. లోపల దూడ సన్నగా అరిచింది. ఆ అరుపుకు బొల్లి చన్నుల కొసన పాలబొట్లు కనబడ్డాయి. మూడు రోజులుగా మాలకొండమ్మ ఎన్ని చేసినా రాని పాలు అవి. బొట్లుబొట్లుగా మట్టిలో పడుతున్నాయి.

అది చూశాక మాలకొండమ్మకు భయం పోయింది. వచ్చింది కోపం కూడా కాదు. తెల్లారితే లేచి పేడ ఎత్తాలని ఎంత తేటగా తెలుసో, ఇప్పుడు ఏం చెయ్యాలో అంత తేటగా తెలిసింది. "మీ దేశాల్లో తల్లులు లేరా అయ్యా?" అంది. అని, జవాబు కోసం ఆగలేదు. పైట దోపుకుని దొడ్లోకి నడిచి, మెడలో బిళ్ల తెంపి, దూడను కట్టేసిన గూటానికి తగిలించి, దూడను రెండు చేతులా ఎత్తుకుంది. అది ఆమెకు పిల్లికూనంత బరువు కూడా అనిపించలేదు.

"ఆపండి!" అని అరిచారు పరాంకుశం గారు. "ప్రభుత్వ పౌరురాలిని ఎత్తుకుపోతోంది! దావీదూ, ఆపు!"

దావీదు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆపుతానయ్యా. ఏ దేశం ప్రకారం ఆపమంటారు?"

"ఏమిటా ప్రశ్న?"

"మొన్న రికార్డు గదిలో మంటొస్తే, ఏడు దేశాలు చూడకుండా నీళ్లు పోశానని నాకు మెమో ఇచ్చారు గదయ్యా. ఇంకో మెమో వస్తే నా ఉద్యోగం ఉండదు. పిల్లలు గలోణ్ణి."

ఆ మెమో పరాంకుశం గారు స్వహస్తాలతో రాసినదే. మంచి భాష కూడా పడింది అందులో.

మాలకొండమ్మ దూడతో దొడ్డి సగం దాటింది.

అప్పుడు హజరత్తయ్య ముందుకు వచ్చాడు. ఇరవయ్యేళ్లుగా ఆమె పాలు తాగిన మనిషి. అట్ట మీద కొత్త కాగితం పెట్టి, స్కేలుతో తాపీగా గీతలు గీస్తూ, "విషయం: పోవుచున్న దూడను గేటు వద్ద ఆపుట గురించి," అని పైకి చదువుతూ రాశాడు. "ఒక్క సందేహమండి. ఏడు దేశాలను అకారాది క్రమంలో తీసుకుందామా, ఖండాల వారీగానా?"

పరాంకుశం గారు గేటు వైపు చూశారు. కాగితం వైపు చూశారు. గేటు దగ్గర ఒక బక్క ఆడమనిషి ఒక దూడను మోసుకుపోతోంది. కాగితం మీద తెల్లటి గళ్లు ఏడు ఎదురుచూస్తున్నాయి. పాపం, ఆయనకు మూడు రోజుల శిక్షణలో కూడా ఇంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు.

"ఖండాల వారీగా అయితే," అన్నారు ఆయన మెల్లగా కుర్చీలో కూర్చుంటూ, "ద్వీపాల సమస్య వస్తుంది."

మాలకొండమ్మ గేటు దాటింది. ఇంటిదాకా ఆగలేకపోయింది. రోడ్డు మీదే దూడను దించి పొదుగు కిందికి నెట్టింది. అది రెండుసార్లు తూలి, మూడోసారి చన్ను అందుకుని తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. బొల్లి చేపింది. దూడ మూతికి రెండు పక్కలా నురగ కారింది. మాలకొండమ్మ రోడ్డు మీద చతికిలబడి, లారీలు హారన్లు కొడుతున్నా లేవకుండా, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దూడను ఆపవచ్చా లేదా అన్న పరిశీలన ఆ సాయంత్రమే మొదలైంది. ద్వీపాల దగ్గర ఎనిమిది నెలలు ఆగింది. ఒక దేశంలో మధ్యలో ప్రభుత్వం మారడంతో ఆ గడి చెరిపి మళ్లీ రాయాల్సి వచ్చింది. మొత్తం మీద మూడేళ్లకు పట్టిక పూర్తయింది. అయిదు దేశాలు ఆపమన్నాయి, రెండు వద్దన్నాయి. పరాంకుశం గారు సంతకం పెట్టి ముద్ర వేయించారు. ఉత్తర్వు పట్టుకుని హజరత్తయ్య మాలకొండమ్మ ఇంటికి వచ్చాడు. అది అతని ఉద్యోగంలో చివరి నెల.

పెరట్లో రెండు బర్రెలు పక్కపక్కన ఉన్నాయి. చిన్నదానికి కడుపు బాగా దిగింది. అది చూడితో ఉంది.

"ఏం రాశారో చదవండయ్యా," అంది మాలకొండమ్మ చేతులు తుడుచుకుంటూ.

హజరత్తయ్య కళ్లజోడు పెట్టుకుని గంభీరంగా చదివాడు. "ఏడు దేశముల న్యాయవ్యవస్థలను పోల్చి చూచిన మీదట, సదరు దూడను తక్షణమే ఆపవలసినదిగా ఇందుమూలముగా ఉత్తర్వు చేయడమైనది."

మాలకొండమ్మ పెయ్య వైపు చూసింది. అది గూటం దగ్గర నిలబడి, చొప్ప నోట్లో పెట్టుకుని, తోకతో ఈగలు తోలుకుంటోంది.

"ఆగే ఉందిగదయ్యా," అంది.

హజరత్తయ్య కూడా చూశాడు. నిజమే. జేబులోంచి కలం తీసి, కాగితం వెనక్కి తిప్పి, గోడకు ఆనించి, "ఉత్తర్వు అమలు జరిగినది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు.